చిన్న డైనింగ్ జాగా, లేత రంగు కుర్చీలు: మన ఓరుగల్లు ఇళ్లకు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ అపార్ట్‌మెంట్ల ప్లాన్‌లో ‘డైనింగ్’ అని రాసి ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే అది హాలుకూ వంటింటికీ నడుమ మిగిలిన దారి. ఒక పక్క ఫ్రిజ్, ఇంకో పక్క వాష్ బేసిన్, వెనక బాల్కనీ తలుపు. ఇళ్లు సర్దిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఈ జాగా గురించే నన్ను ఎక్కువమంది అడుగుతారు. అందులోనూ ఈమధ్య అందరూ క్రీమ్, బీజ్, లేత బూడిద రంగు కుర్చీలే కావాలంటున్నారు. ఆ రంగులు నాకూ ఇష్టమే. కొనే ముందు మాత్రం మీ ఇంటి నేల ఏ రంగో, మీ కంచంలో రోజూ ఏముంటుందో చూసుకోండి. కింది జవాబులన్నీ ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

న్యూట్రల్ రంగు అంటే తెలుపేనా?

తెలుపు ఒక్కటే కాదు. క్రీమ్, ఇసుక రంగు, గోనెసంచి రంగు, లేత బూడిద, మట్టి గోధుమ, పాలిష్ పెట్టిన టేకు, చివరికి నలుపు కూడా ఈ కుటుంబంలోవే. పక్కన ఏ రంగు పెట్టినా దానితో గొడవ పడకుండా సర్దుకుపోతాయి. వీటిలో పసుపు, ఎరుపు ఛాయ కలిసినవి వెచ్చగా కనిపిస్తాయి, నీలం ఛాయ కలిసినవి చల్లగా కనిపిస్తాయి. మీ కుర్చీ ఏ రకమో తెలియకపోతే దాని పక్కన ఒక తెల్ల జిరాక్స్ కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి. ఛాయ వెంటనే బయటపడుతుంది. దుకాణంలో దీపాల కింద చూసి మాత్రం ఆర్డర్ ఇవ్వొద్దు. అడిగితే చిన్న గుడ్డ ముక్క ఇస్తారు, దాన్ని ఇంటికి తెచ్చి ఒక పగలు, ఒక రాత్రి మీ టైల్స్ మీద ఉంచి చూడండి.

మా జాగా 8 అడుగులకు 7 అడుగులే. నలుగురు కూర్చునే టేబుల్ పడుతుందా?

పడుతుంది, లెక్క చూసి పెడితే. ఒక మనిషి మోచేతులు తగలకుండా తినాలంటే టేబుల్ అంచున 24 అంగుళాలు కావాలి. కాబట్టి 4 అడుగుల టేబుల్‌కు పక్కకు ఇద్దరు. వెడల్పు 30 అంగుళాలు ఉంటే ఎదురెదురుగా రెండు కంచాలు, మధ్యలో రెండు కూర గిన్నెలు పడతాయి. చిక్కంతా కుర్చీ వెనక్కి లాగే దగ్గరే వస్తుంది. కుర్చీ లాగి లేవడానికి టేబుల్ అంచు నుంచి కనీసం 30 అంగుళాలు కావాలి. కూర్చున్నవాళ్ల వెనక నుంచి మరొకరు గిన్నె పట్టుకొని నడవాలంటే 36 అంగుళాలు ఉంటేనే హాయి.

ఇప్పుడు మీ 7 అడుగుల వైపు చూద్దాం. అంటే 84 అంగుళాలు. టేబుల్‌కు 30, రెండు పక్కలా కుర్చీలకు 30 చొప్పున 60, మొత్తం 90. ఆరు అంగుళాలు తక్కువ పడింది. అందుకే గోడ వైపు కుర్చీలు మానేసి బెంచీ పెట్టమంటాను. గోడకు ఆనించిన 18 అంగుళాల లోతు బెంచీ, దాని మీదికి 4 అంగుళాలు జరిగిన టేబుల్. ఇలా పెడితే టేబుల్ అవతలి అంచు గోడ నుంచి 44 అంగుళాల దగ్గర ఆగుతుంది. ఇంకా 40 అంగుళాలు మిగిలాయి. అక్కడ రెండు లేత రంగు కుర్చీలు వేసుకుంటే లాగడానికీ నడవడానికీ జాగా దొరుకుతుంది. బెంచీ కింద అరలు పెట్టిస్తే పండగ గిన్నెలు, చాపలు అందులోకి పోతాయి.

కొనే ముందు నేల మీద సుద్దముక్కతో ఈ కొలతలు గీసి, ఒక రోజంతా ఇంట్లోవాళ్లను దాని చుట్టూ తిరగనివ్వండి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

గుండ్రటి టేబుల్ మంచిదా?

చదరంగా ఉన్న జాగాకు మంచిదే. మూలలు తగలవు, చిన్నపిల్లలున్న ఇంటికి నిశ్చింత. 36 అంగుళాల టేబుల్ మీద నలుగురు టిఫిన్ తినగలరు. అన్నం కంచాలు, నీళ్ల గ్లాసులు, కూర, చారు గిన్నెలు అన్నీ పెట్టాలంటే 42 అంగుళాలు కావాలి. నడిమిట్ల ఒకటే కాలు ఉన్నది తీసుకోండి, మోకాళ్లకు అడ్డం రాదు. దారిలాంటి పొడుగు జాగాలో మాత్రం గుండ్రటిది వద్దు.

టైల్స్ క్రీమ్, గోడలు ఐవరీ, కుర్చీలు బీజ్. అన్నీ కలిసిపోయి ఇల్లు వెలవెలబోతోంది. ఏం చేయాలి?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బిల్డర్లు మెరిసే క్రీమ్ టైల్స్ వేసి, ఐవరీ పెయింట్ కొట్టి ఇస్తారు. మనం వెళ్లి అదే రంగు కుర్చీలు తెస్తాం. కుర్చీ నేలలో కరిగిపోతుంది. రంగు తప్పేమీ కాదు, లేతకూ ముదురుకూ మధ్య తేడా లేకపోవడం వల్ల అలా కనిపిస్తుంది.

రామప్ప గుడి చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. లేత ఎర్రటి ఇసుకరాతి గుడికి నల్లరాతి మదనికలు, అంటే స్త్రీల శిల్పాలు ఉంటాయి. చాలా దూరం నుంచే ఒక్కో బొమ్మ విడిగా కనబడుతుంది. అవి కూడా ఇసుకరాతివే అయి ఉంటే అంత స్పష్టంగా కంటికి ఆనేవి కావు. మీ డైనింగ్‌లోనూ లేత, మధ్య, ముదురు మూడూ ఉండాలి. నేల, గోడ లేతగా ఉన్నాయి కాబట్టి కుర్చీ రంగును రెండు మెట్లు ముదురు చేయండి. క్రీమ్ బదులు గోనెసంచి రంగో, తడి ఇసుక రంగో తీసుకోండి. కాళ్లు మాత్రం ముదురు చెక్కవో నల్ల ఇనుపవో ఉండాలి. కుర్చీ నేల మీద నిలబడినట్టు కనిపించేది కాళ్ల వల్లే.

కుర్చీలు ముందే కొనేసి ఉంటే టేబుల్ పైభాగం మార్చండి. కరీంనగర్ జిల్లాలో తవ్వే టాన్ బ్రౌన్ గ్రానైట్ మన దగ్గర చాలా వంటిళ్లలో గట్టు మీద కనిపిస్తుంది. నలుపు మీద ముదురు ఎరుపు గోధుమ మచ్చలుంటాయి. బీజ్ కుర్చీల నడుమ ఆ రాయి పెడితే జాగా అంతటికీ ఒక బరువు వస్తుంది. పైగా వేడి గిన్నె దించినా, చింతపులుసు ఒలికినా దానికి పెద్దగా నష్టం లేదు. బరువెక్కువ కాబట్టి కింది ఫ్రేమ్ గట్టిగా ఉండాలని వడ్రంగికి ముందే చెప్పండి.

ఒక జాగ్రత్త. క్రీమ్ టైల్స్ వెచ్చని రంగు. వాటి మీద నీలం ఛాయ ఉన్న బూడిద కుర్చీలు పెడితే టైల్స్ పాతబడి పసుపెక్కినట్టు కనిపిస్తాయి. బూడిదే కావాలంటే గోధుమ ఛాయ కలిసిన బూడిద చూడండి.

పప్పు, పసుపు, తొక్కు నూనె... లేత రంగు గుడ్డ కుర్చీలు మన తిండికి తట్టుకుంటాయా?

ఈ ప్రశ్నకు నేను అనుభవంతో జవాబు చెప్పగలను. మా ఇంటికి మొదట తెచ్చినవి క్రీమ్ రంగు కాటన్ గుడ్డ కుర్చీలు. వారం తిరక్కుండానే ఒకదాని మీద ముద్దపప్పు పడింది. కంగారులో బట్టల సబ్బు పెట్టి గట్టిగా రుద్దాను. పసుపు మరక కాస్తా ఎర్రటి మరక అయి కూర్చుంది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఆ తర్వాతే ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకున్నాను.

పసుపులో రంగునిచ్చేది కర్కుమిన్. అది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. మన పోపులో నూనె ఉంటుంది కాబట్టి ఆ రంగు నూనెతో పాటు నూలు పోగుల్లోకి దిగిపోతుంది. సబ్బు క్షారం తగిలితే అదే రంగు ఎర్రగా మారుతుంది. పెళ్లిళ్లలో పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది కూడా ఇందుకే. కాస్త నిమ్మరసమో వెనిగరో తగిలితే తిరిగి పసుపులోకి వస్తుంది. అంటే ఎరుపు చూసి బెంబేలు పడక్కర్లేదు. కర్కుమిన్‌కు ఎండ పడదు. వెలుతురు తగిలితే ఆ రంగు విరిగిపోతుంది.

కాబట్టి పప్పు పడగానే స్పూన్‌తో ఎత్తేయండి. పొడి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు చల్లటి నీళ్లలో కలిపి, మరక అంచు నుంచి మధ్యలోకి అద్దండి. తడిగుడ్డతో సబ్బు తీసేసి, మెత్తను బాల్కనీలో ఎండకు పెట్టండి. మన ఎండలకు రెండు మూడు రోజుల్లో ఆ పసుపు చాలావరకు వెలిసిపోతుంది. మామిడికాయ తొక్కు నూనె పడితే ముందు శనగపిండో టాల్కం పౌడరో చల్లి, అరగంట వదిలి దులపండి. నూనె పిండికి వచ్చేస్తుంది, ఆ తర్వాతే నీళ్లు తగలనివ్వాలి.

ఈ ఎండ వైద్యం అంతా మెత్త ఊడి వస్తేనే సాధ్యం. అందుకే కుర్చీకి అంటించేసిన గుడ్డ సీటు వద్దంటాను. చెక్క సీటు మీద నాడాలతో కట్టుకునే మెత్త, దానికి జిప్ ఉన్న గలేబు, అలాంటి గలేబులు రెండు జతలు. ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి వాడుకలో ఉంటుంది. గుడ్డ ఒకే రంగులో చదునుగా ఉండకుండా, రెండు మూడు ఛాయల దారాలు కలిపి నేసినది తీసుకోండి. చిన్న చిన్న మచ్చలు అందులో కలిసిపోతాయి.

తుడిస్తే పోతుందని రెగ్జిన్ వైపు వెళ్లేవాళ్లున్నారు. ముదురు రంగు రెగ్జిన్‌కు అది నిజమే. లేత రంగు రెగ్జిన్ మీద పసుపునీ బాల్‌పెన్ సిరానీ వెంటనే తుడవకపోతే ఛాయ ఉండిపోతుంది. పైగా మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోయిన మధ్యాహ్నం దాని మీద కూర్చుంటే ఒంటికి అతుక్కుంటుంది.

మరి కుర్చీ దేనితో చేయించాలి?

నా మొదటి ఓటు టేకు ఫ్రేమ్‌కు, అల్లిన సీటుకు. రంగు కలపని పాలిష్ వేసిన టేకే ఒక మంచి న్యూట్రల్ రంగు. దానికి ముదురు వార్నిష్ పులమడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సీటు బెత్తంతో అల్లించవచ్చు. ఇంకా చవకగా కావాలంటే నవారు పట్టీ ఉంది. మన అమ్మమ్మల మంచాలకు అల్లిన ఆ తెల్లటి నూలు నవారే. గాలి ఆడుతుంది, సాగితే మళ్లీ బిగించవచ్చు, మాస్తే విప్పి ఉతికి తిరిగి అల్లవచ్చు. లేత రంగు కుర్చీ మన వాతావరణానికి ఇంతకంటే బాగా కుదరడం నేను చూడలేదు.

ప్లైవుడ్ వాడితే దాని మీద ఐఎస్ 303 అని ఉందా, ఐఎస్ 710 అని ఉందా చూడండి, ఇవి నాణ్యత ప్రమాణాల నంబర్లు. రెండోది నీటిని బాగా తట్టుకునే రకం. వాష్ బేసిన్ పక్కన ఉండే బెంచీకి రెండోదే వాడాలి. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో హనుమకొండ, వరంగల్ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి మనకు తెలుసు. కింది అంతస్తులో ఉండేవాళ్లు కాళ్ల వరకైనా గట్టి చెక్కో, పౌడర్ కోటింగ్ వేసిన ఇనుమో పెట్టుకోండి.

మెత్తలోని ఫోమ్ 40 డెన్సిటీ అడగండి. తక్కువది కొన్నాళ్లకే అణిగిపోతుంది.

అన్ని కుర్చీలూ ఒకేలా ఉండాలా?

అక్కర్లేదు. సీటు ఎత్తు మాత్రం ఒకేలా ఉండాలి. 30 అంగుళాల ఎత్తు టేబుల్‌కు 18 అంగుళాల సీటు. దాని మీద 2 అంగుళాల మెత్త వేస్తే సీటు 20 అవుతుంది, టేబుల్‌కు మధ్య 10 అంగుళాలే మిగులుతుంది. తొడలు ఇరుకవుతాయి. మెత్త వేసుకునే ఉద్దేశం ఉంటే సీటును ముందే తగ్గించి చేయించండి.

టేబుల్ కింద వరంగల్ దర్రీ వేస్తే బాగుంటుందా?

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద పుట్టిన దర్రీ (నూలు జంపఖానా) మన ఇంట్లో లేకపోతే ఎలా అని నాకూ ఉంటుంది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. కానీ చిన్న జాగాలో టేబుల్ కింద వద్దనే చెబుతాను. కుర్చీ వెనక్కి లాగినప్పుడు కాళ్లు దర్రీ మీదే ఉండాలంటే, అది టేబుల్‌కు నాలుగు వైపులా 24 అంగుళాలు బయటికి రావాలి. 4 అడుగులకు రెండున్నర అడుగుల టేబుల్ అయితే 8 అడుగులకు ఆరున్నర దర్రీ కావాలి. అంటే మీ జాగా మొత్తం! అంతకంటే చిన్నది వేస్తే ప్రతి పూటా కుర్చీ కాలు అంచుకు తట్టుకుంటుంది, పెద్దవాళ్లు పడే ప్రమాదం ఉంది.

దాని బదులు సన్నటి పొడుగు దర్రీని మడిచి బెంచీ మీద పరవండి. ముదురు ఎరుపు, నీలి చారలున్నది అయితే ఎదురుగా ఉన్న ఇసుక రంగు కుర్చీలకు ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. పరిచే ముందు తడిపిన తెల్ల గుడ్డతో ఒక మూల అద్ది చూడండి. రంగు దిగుతుంటే విడిగా చల్లటి నీళ్లలో రెండుసార్లు జాడించాకే వాడండి.

గోడ మీద ఏం పెట్టాలి?

ఒక్కటే పెట్టండి. అంత చిన్న గోడకు ఒకటి చాలు. చేర్యాల బొమ్మల పటం అయితే ఆ ఎర్రటి నేపథ్యమే గోడంతా నింపుతుంది. ఆ గుడ్డకు చింతగింజల జిగురు పూసి తయారుచేస్తారు కాబట్టి వాష్ బేసిన్ తుంపర్లు పడని చోట, అద్దం ఫ్రేమ్‌లో ఉంచాలి. ఇత్తడి ఇష్టమైతే జనగామ దగ్గర పెంబర్తి పనివాళ్ల రేకు మీద చెక్కిన పలక ఒకటి. లేత గోడ మీద ఇత్తడి సాయంత్రం దీపం వెలుతురులో ఎంత అందంగా ఉంటుందో చూస్తేనే తెలుస్తుంది. ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. ఇక్కడ అందరూ కూర్చొని చూస్తారు కాబట్టి పటం మధ్యభాగం నేల నుంచి నాలుగు అడుగుల పైచిలుకు ఉంటే సరిపోతుంది.

వేలాడే లైట్ పెట్టాలని ఉంది. పైన ఫ్యాన్ ఉంది కదా?

మన ఎండాకాలంలో ఫ్యాన్ తీసేయమని నేను చెప్పను. ఫ్యాన్ రెక్కల పైన లైట్ ఉంటే వాటి నీడ కంచం మీద తిరుగుతూ కళ్లను తిప్పేస్తుంది. ఫ్యాన్ కింద లైట్ వేలాడదీస్తే గాలికి ఊగుతుంది. ఫ్యాన్‌ను గోడకు మార్చగలిగితే, టేబుల్‌కు 30 నుంచి 36 అంగుళాల పైన లైట్ వేలాడదీయండి. మార్చలేకపోతే బెంచీ వెనక గోడకు ఒక లైట్ బిగించండి. బల్బు 3000 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత) లోపు ఉండాలి. 6500 కెల్విన్ తెల్ల వెలుతురు కింద బీజ్ కుర్చీలు నీరసంగా, పప్పు పాలిపోయినట్టు కనిపిస్తాయి.

గోదావరిఖని సింగరేణి క్వార్టర్‌లో ఉంటున్నాం. విడిగా డైనింగ్ జాగానే లేదు.

గోడకు మడత టేబుల్ పెట్టుకోండి. 3 అడుగులకు 20 అంగుళాల పలక, కింద మడిచే బ్రాకెట్లు. వాడనప్పుడు గోడకు ఆనుకుంటుంది. పలకకు గోడ రంగే వేస్తే మడిచినప్పుడు కంటికి ఆనదు. ఒకదాని మీద ఒకటి పేర్చే స్టూళ్లు రెండు, లేత చెక్క రంగువి. క్వార్టర్ గోడకు మేకులు కొట్టే ముందు అడిగి కొట్టండి.

మా నాన్నకు మోకాళ్ల నొప్పి, అమ్మ ఇప్పటికీ కిందే కూర్చొని తింటుంది. ఇద్దరికీ ఎలా?

నాన్నగారికి చేతులున్న కుర్చీ ఒకటి, టేబుల్ కొసన, ఎక్కువ జాగా ఉన్న వైపు వేయండి. లేచేటప్పుడు చేతులు ఆసరా కావాలి. కుర్చీ చేతుల ఎత్తు 26 అంగుళాలు దాటకపోతే టేబుల్ కిందికి దూరుతుంది. ఆ ఒక్క కుర్చీ మెత్త కొంచెం ముదురు రంగులో ఉంటే చూపు తగ్గినవాళ్లకు సీటు అంచు బాగా తెలుస్తుంది. క్రీమ్ నేల మీద క్రీమ్ సీటు వాళ్లకు నిజంగానే కనబడదు.

అమ్మగారి పీట తీసేయకండి. బెంచీ కింద ఒక అర దానికి వదలండి.

బతుకమ్మకు, సంక్రాంతికి ఇల్లంతా జనమే. ఈ చిన్న జాగా ఎలా సరిపోతుంది?

సరిపోదు, సరిపెట్టాలని చూడొద్దు కూడా. టేబుల్‌ను గోడకు జరిపేసి దాని మీద గిన్నెలు పెట్టండి, జనం హాలులో చాపల మీద కూర్చుంటారు. సకినాలు చుట్టే రోజు కుర్చీలన్నీ పడగ్గదిలోకి తీసేసి, నేల మీద బట్ట పరిచేస్తే అదే మంచి జాగా.

బతుకమ్మ పేర్చేటప్పుడు లేత రంగు కుర్చీల విలువ తెలుస్తుంది. తంగేడు పసుపు, బంతి, కట్ల నీలం, చుట్టూ మిగతా అన్నీ ఇసుక రంగులో ఉంటే పూలే కనిపిస్తాయి. కాకపోతే గునుగు పూలకు అద్దే రంగుపొడులు చేతుల మీది నుంచి దేనికైనా అంటుకుంటాయి, పైగా పసుపులా ఎండకు వెలవవు. గునుగు రంగుల్లో ముంచే ముందే మెత్తల నాడాలు విప్పి, అన్నీ బీరువాలో పెట్టేయండి. రంగు ఆరి, అందరి చేతులూ కడుక్కున్నాకే తిరిగి కట్టండి.